గాజుతొట్టిలో మత్స్యన్యాయం

భారతీయ రాజనీతి చింతనలో చేపకు దక్కినంత అపకీర్తి మరే ప్రాణికీ దక్కలేదు. పులి క్రూరమైనదే అయినా అరాచకానికి పులి పేరు పెట్టలేదు. పాముకు విషమున్నా దుష్టపాలనకు పాము పేరు స్థిరపడలేదు. బలవంతుడు బలహీనుణ్ణి కబళించే స్థితికి మన పూర్వులు ఎంచుకొన్న పేరు మత్స్యన్యాయం. ఆ స్థితితో విసిగిన ప్రజలు వైవస్వత మనువును రాజుగా చేసుకొని, ధాన్యంలో ఆరవ వంతును, సరకులలో పదవ వంతును అతని భాగంగా ఏర్పరచారని కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతుంది. (ప్రజల మధ్య వాదులాడే గూఢచారుల నోట కౌటిల్యుడు ఈ కథను పలికించడం గమనార్హం. పన్నుకు సమర్థన కూడా కావలసి వచ్చింది.) మహాభారత శాంతిపర్వంలోనూ రాజు లేని కాలాన్ని వర్ణించడానికి ఇదే ఉపమానం వాడబడింది. ఎనిమిదవ శతాబ్దంలో వంగదేశంలో గోపాలుణ్ణి రాజుగా చేసినది మత్స్యన్యాయాన్ని తొలగించడానికేనని అతని కుమారుడు ధర్మపాలుని ఖాలింపూర్ తామ్రశాసనం పేర్కొంటుంది.

ఈ ఉపమానానికి ఆధారం ఏటిలోనో చెరువులోనో కనిపించే దృశ్యం. అక్కడ పెద్ద చేప చిన్న చేపను ఆకలి తీర్చుకోవడానికి తింటుంది. కడుపు నిండితే వేట ఆగుతుంది. ఇంటి ముందుగదిలో అమర్చిన గాజుతొట్టిలో జరిగేది అది కాదు. అక్కడ రెండు పూటలా మేత పడుతుంది. మింగగలిగినంత పెద్ద చేప ఏదీ లేకపోవచ్చు. అయినా తెల్లవారేసరికి ఒక చేప తోక చీలి ఉంటుంది, మరొకదాని పక్కన పొలుసులు రాలి ఎర్రబడి ఉంటుంది. ఆకలి లేని చోట పుట్టిన ఈ గాయానికి మత్స్యన్యాయం అనే పేరు సరిపోతుందా? సరిపోకపోతే, దానికి కర్త ఎవరు? చూపునకు చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న నేరం, బాధ్యత, పాలన అనే మూడు విషయాలను ఒకేసారి తాకుతుంది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, దుర్గ్ జిల్లాలో, భిలాయ్‌ని ఆనుకొని ఉన్న జాముల్ వంటి పట్టణంలో ఈ ప్రశ్నను నిలిపి చూడవచ్చు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయ్ ఉక్కు కర్మాగారం వెలిసింది. దాని తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. జాముల్‌లో సిమెంటు కర్మాగారం ఉంది. ఒక పరిశ్రమ కొలిమి నుండి వెలువడిన చిట్టెం మరొక పరిశ్రమకు ముడిసరకు అయ్యే ప్రాంతమిది. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలతో సహా, దేశంలోని అన్ని ప్రాంతాలవారూ ఇక్కడ ఇరుగుపొరుగులయ్యారు. షిఫ్టుల మీద సాగే జీవితాలు కావడంచేత ఇంటి యజమాని కొన్ని వారాలు పగలు నిద్రపోతాడు, కొన్ని వారాలు రాత్రి ఇంట ఉండడు.

అటువంటి ఇంట మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల ఒక తొట్టి ఉన్నదనుకొందాం. అందులో పట్టే నీరు ఇంచుమించు వంద లీటర్లు. అక్వేరియం ప్రియులు కమ్యూనిటీ ట్యాంకు అని పిలిచే పద్ధతిలో, అందులో రకరకాల చేపలు కలిసి ఉంటాయి: దక్షిణ అమెరికాకు చెందిన ఏంజెల్ చేపలు రెండు, సుమత్రా దీవి జాతియైన టైగర్ బార్బులు రెండు, ఒక గౌరామి, నాలుగు గప్పీలు, అద్దాన్ని నోటితో పట్టుకొని పాచి నాకే సక్కర్ చేప ఒకటి. చేపలను జతల లెక్కన అమ్మడం మన దుకాణాల ఆనవాయితీ కనుక ఈ జాబితా ఏ ఇంటిదైనా కావచ్చు. ఒక ఉదయం పెద్ద ఏంజెల్ రెక్కల అంచులు చిరుగులు పడి కనిపించాయి. దాడి జరగడం ఎవరూ చూడలేదు. అయినా ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు. నల్లని చారలతో, చురుకుగా, ఒకచోట నిలవకుండా తిరిగే టైగర్ బార్బు దోషి. వేషం చూసి నేరం నిర్ణయించడం మనుషుల విషయంలోనే మానలేకపోయాం, చేపల విషయంలో మానుతామా?

ఆ అనుమానం నిరాధారమైనది కాదు. పొడవైన రెక్కలను కొరికే అలవాటు టైగర్ బార్బుకు ఉందన్నది అనుభవజ్ఞులందరూ అంగీకరించే విషయం. అయితే అదే చేప తన జాతివారు ఎనిమిది పది మంది ఉన్న గుంపులో ఉంటే, ఆ తరుములాట అంతా చాలావరకు తమలో తాము ఆడుకొని ఊరుకుంటుంది. గుంపులో బతకవలసిన ప్రాణిని జంటగా తెచ్చి వేసినప్పుడు ఆ చురుకుదనం పక్కవాడి తోక మీదికి మళ్లుతుంది. అంటే కొరికినది బార్బే అయినా, కొరకవలసిన స్థితి దుకాణంలో డబ్బు చెల్లించిన క్షణాననే ఏర్పడింది.

అసలు కొరికినది బార్బు కాకపోవచ్చు కూడా. ఏంజెల్ చేపలు చూడటానికి సాధువులు. జతకట్టి గుడ్లు పెట్టే వేళ వచ్చేసరికి తొట్టిలో సగభాగం తమదని నిర్ణయించుకొని మిగిలినవాటిని మూలకు నెడతాయి. నిన్న బాధితురాలనుకొన్నది నేడు దౌర్జన్యం చేయవచ్చు. పాచి తింటుందని తెచ్చిన చేప రాత్రివేళ మందగించిన చేప ఒంటికి అతుక్కొని దాని జిగురు పొరను నాకవచ్చు. ఆ జాడ గుండ్రని తెల్లమచ్చగా మిగులుతుంది. హీటరుకు ఆనుకొని పడుకొన్న చేపకు కాలిన గాయం అవుతుంది. అలంకారం కోసం వేసిన పదునైన రాయి పొలుసును గీస్తుంది. చనిపోయిన చేపను మిగిలినవి పొడుచుకు తింటాయి కనుక, తెల్లవారి చూసినవారికి సహజమరణం హత్యగా కనిపిస్తుంది. రెండో షిఫ్టు ముగించుకొని పొద్దుపోయి ఇంటికి చేరిన యజమాని ఒక్కసారిగా దీపం వేస్తే, చీకట్లో నిశ్చలంగా ఉన్న చేపలు బెదిరి అద్దానికో రాతికో కొట్టుకొంటాయి. నేరస్థుణ్ణి వెతకడానికి వేసిన దీపమే గాయానికి కారణమయ్యే అవకాశం ఉందన్నమాట.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది నీరు. చేప ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరొకటి అంతకంటే తక్కువ హానికరమైన నైట్రేట్‌గా మారుస్తాయి. కొలిమి చిట్టెం సిమెంటయ్యే ఊళ్లో ఈ సంగతి వివరించడం కష్టం కాదు: ఒకరి వ్యర్థం మరొకరి ఆహారం. ఆ బాక్టీరియా కొత్త తొట్టిలో నిలదొక్కుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా తొట్టి నింపేస్తే అమ్మోనియా మొప్పలను, చర్మాన్ని కాలుస్తుంది, రెక్కల్లో ఎర్రని చారలు కనిపిస్తాయి, అంచులు కుళ్లి రాలుతాయి. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీయడమే కాక ఆ బాక్టీరియాను కూడా చంపుతుంది. వేసవిలో ఈ ప్రాంతపు ఎండ 42 డిగ్రీలు దాటడం అరుదు కాదు. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో ఇంచుమించు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలిగితే, 35 డిగ్రీల వద్ద 7కు పడిపోతుంది. అదే వేడిమిలో చేపకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది, అమ్మోనియా విషం కూడా తీవ్రమవుతుంది. ఊపిరాడని ప్రాణి కయ్యానికి దిగినప్పుడు అది దాని స్వభావమని చెప్పడం తొందరపాటు.

తెలుగు పిల్లలందరూ విన్న ఏడు చేపల కథ ఇక్కడ గుర్తుకు రాక తప్పదు. ఎండని చేపను అడిగితే అది గడ్డిమోపు మీద చెబుతుంది, మోపు ఆవు మీద, ఆవు కాపరి మీద, అలా చివరకు చీమ వరకు నింద చేతులు మారుతుంది. చీమ మాత్రం ఎవరి మీదా చెప్పదు, తన పుట్టలో వేలు పెట్టినవాణ్ణి కుట్టానంటుంది. కథ అక్కడితో ముగియడం వలన చీమ అల్లరి జవాబు చెప్పి తప్పించుకొన్నదని నవ్వుతాము. పరిశీలించి చూస్తే ఆ వరుసలో సూటిగా మాట్లాడినది చీమ ఒక్కటే. తన ఇంటి హద్దు దాటినవాణ్ణి అడ్డుకొన్నానని అది చెప్పింది. గాజుతొట్టిలో జరిగే దాడులలో అధికభాగానికి ఇంతకంటే వేరే వివరణ అక్కరలేదు.

చేపలలో దూకుడును శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్ ప్రముఖుడు. 1963లో వెలువడిన ఆయన గ్రంథం పగడపు దిబ్బల చేపల ప్రవర్తనతోనే మొదలవుతుంది. అన్య జాతులను సహించే చేప తన జాతిదానిని మాత్రం తరిమికొట్టడం, అందువలన మేత చోటు అందరికీ పంచబడడం ఆయన గమనించాడు. సముద్రంలో ఓడిన చేప పారిపోతుంది. హద్దు దాటగానే గెలిచినది వెనుదిరుగుతుంది. తరిమే చేప కోరేది చోటు, ప్రాణం కాదు. తొట్టిలో ఓడినదానికి పోవడానికి చోటు ఉండదు. అది ఎంత దూరం ఈదినా గెలిచినదాని హద్దులోనే ఉంటుంది. లొంగుబాటును చూపే మార్గం పలాయనమే అయినప్పుడు, పలాయనం సాధ్యం కాని చోట లొంగుబాటు గుర్తింపునకు నోచుకోదు, దాడి ఆగదు. మన కొరమీను కూడా ఎర్రని పిల్లల గుంపు వెంట కాపలా తిరుగుతూ దగ్గరకు వచ్చినదానిపై విరుచుకుపడుతుంది. దానిని క్రౌర్యమని ఏ జాలరీ అనడు. చెరువులో ఆ చర్యకు వాత్సల్యమని పేరు. తొట్టిలో అదే చర్యకు హింస అని పేరు.

లోరెంజ్‌ను ప్రస్తావించినప్పుడు మరొక మాట కూడా చెప్పవలసి ఉంటుంది. ఆయన 1973లో టిన్‌బర్గెన్, ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. 1938లో నాజీ పార్టీలో చేరినవాడు కూడా ఆయనే. ప్రాణుల స్వభావం నుండి మనుషుల రాజకీయానికి తిన్నగా వంతెన వేయడం ఎంత ప్రమాదకరమో ఇరవయ్యో శతాబ్దం చూపింది. యుద్ధాన్ని జంతుపూర్వికుల నుండి వారసత్వంగా పొందామనడం శాస్త్రసమ్మతం కాదని వివిధ దేశాల శాస్త్రజ్ఞులు 1986లో సెవిల్ నగరంలో ప్రకటించారు. ఆ ప్రకటనను 1989లో యునెస్కో స్వీకరించింది. కనుక తొట్టిలోని చేపల నుండి జాముల్ వీధుల్లోని మనుషుల గురించి తీర్మానాలు చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఈ చర్చలో ఉన్న మనిషి ఒక్కడే. అతడు అద్దానికి బయట నిలిచి ఉన్నాడు.

చేపకు ధర్మాధర్మ విచక్షణ లేదు కనుక దానికి దోషం అంటదు. ఇంతవరకు ఎవరికీ వివాదం ఉండదు. దోషం లేనంత మాత్రాన బాధ లేదని అనుకోవడమే చిక్కు. ఈ రెండింటినీ కలిపేయడం వలననే తొట్టిలోని గాయాన్ని ప్రకృతి సహజమంటూ చాలామంది తేలికగా దాటవేస్తారు. 2003లో లిన్ స్నెడ్డన్, ఆమె సహచరులు ట్రౌట్ చేపల పెదవులలోకి ఆమ్లాన్ని, తేనెటీగ విషాన్ని ఎక్కించి చూశారు. ఆ చేపలు మేత మానివేశాయి, పెదవులను అడుగునున్న రాళ్లకు రాసుకొన్నవి కూడా ఉన్నాయి. మార్ఫిన్ ఇచ్చినప్పుడు ఆ లక్షణాలు తగ్గాయి. చేపకు నొప్పి తెలుసునని రుజువు చేయడానికి చేపలను నొప్పించవలసి రావడం ఈ జ్ఞానానికి అంటిన మరక. అంతకు ఎంతో ముందే, 1938లో, కార్ల్ ఫాన్ ఫ్రిష్ మరొక విషయం కనుగొన్నాడు. గాయపడిన మిన్నో చేప చర్మం నుండి ఒక పదార్థం నీటిలో కలిసి, గుంపులోని మిగిలిన చేపలను భయంతో చెదరగొడుతుంది. బార్బుల వంటి చేపలకూ ఈ గుణం ఉంది. ఏట్లో ఆ హెచ్చరిక విని దూరంగా పోవచ్చు. వంద లీటర్ల నీటిలో ఒకరి గాయం అందరి ఊపిరిలోకీ చేరుతుంది, పోవడానికి మాత్రం దారి ఉండదు.

ఈ విషయంలో చట్టం సామాన్యుల అంచనా కంటే ముందున్నది. రుక్మిణీదేవి అరండేల్ పార్లమెంటులో చేసిన కృషి నేపథ్యంగా వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదానినీ జంతువు అనే నిర్వచనంలో చేర్చింది. చేపకు అందులో మినహాయింపు లేదు. కదలడానికి తగిన పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో గాని మరే పాత్రలో గాని జంతువును బంధించడం పదకొండవ సెక్షన్ ప్రకారం క్రూరత్వమే. పాత్ర అనే మాట పడడం విశేషం. బల్లమీద అలంకారంగా ఉంచే గుండ్రని గాజుగిన్నెను ఈ సెక్షన్‌తో పోల్చి చూసినవారు తక్కువ.

గాయం కనబడినప్పుడు యజమాని సాధారణంగా చేసే మొదటి పని దోషిని తొలగించడం. చేపలలో బలాబలాల వరుస ఉంటుంది కనుక, మొదటిదానిని తీసివేస్తే రెండవది ఆ పీఠమెక్కుతుంది. కార్యాలయాలలో పనిచేసినవారికి ఈ పరిణామం వింతగా తోచకపోవచ్చు. రెండవ పని, తీసినదానిని దగ్గరలోని చెరువులో వదిలి పుణ్యం చేశామనుకోవడం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జలాశయాలలో దక్షిణ అమెరికా సక్కర్ చేపలు వ్యాపించి, మత్స్యకారుల వలలు చింపి, స్థానిక చేపల మేతకు పోటీ రావడం వెనుక ఇటువంటి కారుణ్యం కూడా ఉందంటారు. నేరస్థుణ్ణి దేశం దాటించడం శిక్షలలో పాతది. దాటిన తరువాత ఏమయ్యాడో కనుక్కొనే అలవాటు మాత్రం ఎన్నడూ లేదు.

మూడవ పద్ధతి ఆలోచనకు ఎక్కువ పని కల్పిస్తుంది. ఆఫ్రికాలోని మలావి సరస్సుకు చెందిన సిక్లిడ్ చేపలు మహా కయ్యాలమారివి. వాటిని పెంచేవారు తొట్టిలో చేపల సంఖ్యను తగ్గించరు, పెంచుతారు. ఇరుకు పెరిగేకొద్దీ ఏ ఒక్క చేపా ఒక చోటును తనదిగా నిలుపుకోలేదు, ఏ ఒక్క చేపా నిరంతరం తరుములాటకు గురికాదు. దెబ్బలు అందరికీ పంచబడి ఎవరికీ ప్రాణాంతకం కావు. పైకి శాంతి కనిపిస్తుంది. దానికి శక్తిమంతమైన ఫిల్టర్లు, వారం వారం నీటి మార్పు కావాలి. కొన్ని గంటలు కరెంటు పోతే అంతా తలకిందులవుతుంది. ఈ ఉపాయం ఫలిస్తుందనడంలో సందేహం లేదు. ఫలితాన్ని శాంతి అనవచ్చునా అన్నదే సందేహం. పోట్లాడుకోవడానికి ఏమీ మిగలనందువలన ఆగిన పోట్లాటకు, పోట్లాడవలసిన అవసరం తీరినందువలన ఆగినదానికి మధ్య తేడా బయటినుండి చూసేవారికి కనబడదు. గాయాలు లెక్కించి పాలనను కొలిచే పద్ధతికి ఈ తేడా ఎప్పటికీ అందదు.

ఇంతకూ మత్స్యన్యాయం మాట తెచ్చిన సంప్రదాయమే చేపను గురించి మరొక కథ కూడా చెప్పింది. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతికి ఒక చిన్న చేప చిక్కుతుంది. పెద్ద చేపలు చిన్నవాటిని మింగుతాయి, నన్ను కాపాడమని అది కోరుతుంది. ముందు కుండలో పెంచు, అందులో పట్టనప్పుడు గొయ్యి తవ్వి ఉంచు, అదీ చాలనప్పుడు సముద్రానికి చేర్చు అని మార్గం కూడా తానే చెబుతుంది. తెలుగువారికి ఇది పోతన భాగవతం అష్టమ స్కంధం ద్వారా సత్యవ్రతుని కథగా పరిచయం. కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న రాజు దోసిట పడిన చేప, కమండలంలో ఒక్క రాత్రిలో పెరిగి ఇమడలేకపోతుంది. రాజు దానిని పెద్ద పాత్రకు, అక్కడినుండి సరస్సుకు, చివరకు సముద్రానికి చేరుస్తాడు. ఆ సత్యవ్రతుడే తరువాత వైవస్వత మనువయ్యాడని భాగవతం అంటుంది. అర్థశాస్త్రంలో మత్స్యన్యాయాన్ని అణచడానికి ప్రజలు రాజుగా చేసుకొన్నది ఆ వైవస్వత మనువునే. రాజు కావడానికి ముందు అతడు చేపను పెంచినవాడు.

ఈ కథను మత్స్యావతార మహిమగా చదవడం పరిపాటి. అందులోని చిన్న వివరం ఒకటి ఈ చర్చకు ముఖ్యం. చేప పెరిగి పాత్రకు పట్టనప్పుడు రాజు చేపను నిందించలేదు, ఎందుకు పెరిగావని అడగలేదు. పాత్ర మార్చాడు. రక్షణ కోరి వచ్చినదానిని పాత్రలో ఉంచడం రక్షణే. ఆ పాత్ర ఇరుకైన మరునాడు కూడా అందులోనే ఉంచితే అది బంధనం అవుతుంది. ఈ మార్పు ఏ క్షణాన జరుగుతుందో కథలో చేప నోరు విప్పి చెప్పింది. తొట్టిలోని చేపకు నోరు లేదు. చిరిగిన రెక్క, మూలన నక్కిన ఒళ్లు, మేతకు పైకి రాని వైనం, ఇంతే దాని వాఙ్మూలం.

అయితే నేటి యజమానికి సత్యవ్రతునికి లేని కష్టం ఒకటి ఉంది. సుమత్రా బార్బులైనా అమెజాన్ ఏంజెల్‌లైనా నేడు దుకాణాలకు వచ్చేవి చాలావరకు చెన్నై, కోల్‌కతా పరిసరాలలోని పెంపక కేంద్రాలలో పుట్టినవే. వాటికి తిరిగి వెళ్లవలసిన నది లేదు. శివనాథ్ నదిలో వదిలితే అది సక్కర్ చేపల కథే అవుతుంది. సముద్రం లేని సత్యవ్రతుడు చేయగలిగినది తొట్టిలోనే సముద్రపు గుణాలను కొన్నిటిని సమకూర్చడం: చూపుకు అడ్డుపడే మొక్కలు, ఓడినది దాగడానికి రెండు మూడు మాటులు, గుంపు ప్రాణులకు గుంపు, జతకట్టే వేళ నడుమ ఒక అడ్డుతెర. మేత ఒకే మూల వేయకుండా రెండు మూడు చోట్ల వేయడం కూడా ఒక ఏర్పాటే. బలమైనది ఒక మూలను కాపలా కాసినా మిగిలినవి పస్తుండవు. వీటిలో ఏదీ చేపను మార్చదు, ఏదీ చేపను శిక్షించదు.

ఇన్ని చేసినా కొన్ని చేపలు కలవవు. థాయ్‌లాండ్ 2019లో తన జాతీయ జలచరంగా ప్రకటించుకొన్న బెట్టా చేప మగది మరొక మగదానిని సహించదు. దానిని ఒంటరిగా ఉంచవలసిందే. ఒంటరిగా ఉంచిన కొన్నాళ్లకు అది ఎవరూ లేని తొట్టిలో మొప్పలు విప్పి, రెక్కలు చాచి, అద్దం మీదికి దూకడం కనిపిస్తుంది. గది చీకటిగా ఉండి తొట్టిలో దీపం వెలిగినప్పుడు లోపలి అద్దంలో దాని ప్రతిబింబం పడుతుంది. అదే దానికి శత్రువు. గంటల తరబడి పోరాడి రెక్కల అంచులు చీలినప్పుడు, ఇంటివారు మళ్లీ వివరణ దొరకని గాయమంటారు. తొట్టి బయటివైపు మూడు పక్కలా లేతరంగు కాగితం అతికించి, గదిలో కూడా ఒక దీపం ఉంచితే ఆ నీడ చాలావరకు మాయమవుతుంది.